ముసలి పిల్లికి షుగర్ వస్తే ఇంట్లో ఎలా చూసుకోవాలి

మన ఇళ్ళల్లో షుగర్ గురించి తెలియనివాళ్ళు లేరు. ఇంట్లో ఒకరికైనా ఉంటుంది, లేకపోతే పక్కింట్లో ఉంటుంది. గ్లూకోమీటరు, మాత్రల డబ్బా, మెంతుల నీళ్ళు అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. అందుకే పిల్లికి షుగర్ అని డాక్టరు చెప్పగానే సగం వైద్యం మనకు ముందే తెలుసనిపిస్తుంది. ఆ తెలిసినదాంట్లో కొంత పిల్లికి నిజంగానే పనికొస్తుంది. మిగతాది దాని ప్రాణం మీదకు తెస్తుంది. ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్పడమే ఇక్కడ నా పని. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉండేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను. మందు మోతాదు మాత్రం మీ పిల్లిని చేత్తో పట్టుకుని చూసిన పశువైద్యుడు చెప్పిందే వాడాలి.

1. ముందు అనుమానం, తర్వాత పరీక్ష

ఏడెనిమిదేళ్ళు దాటి, ఒళ్ళు చేసి, ఎప్పుడూ ఇంట్లోనే పడుకునే పిల్లులకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన గండుపిల్లులకు మరీ ఎక్కువ. నీళ్ళ గిన్నె తొందరగా ఖాళీ అవుతుంది. ఉచ్చకు పెట్టే ఇసుక ట్రేలో తడి గడ్డలు పెద్దవవుతాయి. ఎంత తిన్నా వెన్నుపూస చేతికి తగులుతుంది. ట్రే లేని ఇళ్ళల్లో చీమలు పట్టిస్తాయి, పిల్లి ఉచ్చ పోసిన మూల చీమలు బారులు తీరితే అది అనుమానించాల్సిన సంగతే. కొన్ని పిల్లులు వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. ముసలితనం అనుకుని వదిలేస్తారు గానీ, అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న గుర్తు. చక్కెర అదుపులోకి వస్తే నెలల మీద చాలావరకు సర్దుకుంటుంది.

పరీక్ష దగ్గర ఒక చిక్కు ఉంది. భయపడిన పిల్లికి షుగర్ ఉన్నట్టుండి పెరుగుతుంది. బస్సులో బుట్టలో కుదుపులు తిని, ఆసుపత్రిలో కుక్కల అరుపులు విన్న పిల్లి రక్తంలో, జబ్బు లేకపోయినా 300 కనిపించవచ్చు. మామూలు పిల్లికి 80 నుంచి 120 మధ్య ఉంటుంది. కాబట్టి ఒక్క రక్త పరీక్షతో ఖాయం చేసుకోకూడదు. మూత్రంలో చక్కెర ఉందేమో చూడాలి. ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష చేయించమని అడగండి. గడిచిన రెండు వారాల సగటు దాంట్లో తెలుస్తుంది, ఆ పూట భయం దాన్ని మార్చలేదు. రక్తం తీసి వేరే ఊరి ల్యాబుకు పంపాల్సి రావచ్చు, నాలుగు రోజులు ఓపిక పట్టండి. మనుషులకు చేసే మూడు నెలల సగటు పరీక్షను పిల్లుల్లో మామూలుగా వాడరు.

అదే రక్తంలో కిడ్నీలు, థైరాయిడ్ కూడా చూడమనండి. పళ్ళు, చిగుళ్ళు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో తేల్చుకోండి. వయసు మీరిన పిల్లిలో ఇవన్నీ జతకట్టి వస్తాయి, వీటిలో ఒకటి మిగిలి ఉన్నా ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దురదకో అలర్జీకో ఈమధ్య స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించి ఉంటే తప్పకుండా చెప్పండి. షుగర్‌ను పైకి తెచ్చేవాటిలో అదొకటి.

ఎక్కడికి వెళ్ళాలి? మన జిల్లాల పశువుల ఆసుపత్రుల్లో రద్దీ ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలదే. పిల్లిని తీసుకెళ్తే పక్కనున్నవాళ్ళు నవ్వొచ్చు, నవ్వనివ్వండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పెంపుడు జంతువుల ప్రైవేటు క్లినిక్కులు కావాలంటే చాలామంది విశాఖ వెళ్తారు. విజయనగరం వాళ్ళకు అది దగ్గరే, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడే ఆ డాక్టరు ఫోనులో అందుబాటులో ఉంటారో లేదో కనుక్కోండి. ఈ జబ్బులో ఎదురుగా చూపించే అవసరం కంటే ఫోను చేసి అడిగే అవసరం ఎక్కువ.

2. సిరంజి సంగతి తేలనిదే ఇంజెక్షన్ మొదలుపెట్టవద్దు

అన్నిటికంటే నెమ్మదిగా చదవాల్సిన భాగం ఇదే.

మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది ఇంకొకటి. మనుషులకు వాడే మామూలు సీసాలు చాలావరకు 40. పిల్లులకు డాక్టర్లు ఎక్కువగా రాసే గ్లార్జిన్ అనే రకం 100. జంతువుల కోసమే తయారయ్యే కానిన్సులిన్ మళ్ళీ 40. సిరంజిలు కూడా అలాగే రెండు రకాలు. ఎర్ర మూతది 40కి, నారింజ రంగు మూతది 100కి. సీసా మీద ఏ అంకె ఉందో సిరంజి మీద కూడా అదే అంకె ఉండాలి.

తప్పితే ఏమవుతుందో లెక్క చూడండి. 100 గాఢత ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలో 2 గీతల దాకా లాగితే, లోపలికి వెళ్ళేది 2 యూనిట్లు కాదు, 5. నాలుగు కిలోల పిల్లికి ఆ తేడా చాలు, ప్రాణం పోవడానికి. షాపులో కుర్రాడు "అన్నీ ఒకటేనండి, ఇన్సులిన్ సిరంజే కదా" అంటాడు. అతన్ని నమ్మొద్దు, మూత రంగు చూడండి, అంకె చదవండి. ఒకే ఇంట్లో అమ్మమ్మకు 40 రకం, పిల్లికి 100 రకం నడుస్తుంటే రెండిటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో పేర్లు రాయండి.

గ్లార్జిన్‌కైతే 30 యూనిట్ల చిన్న సిరంజి అడగండి, దొరికితే అర యూనిట్ గీతలున్నది. పిల్లికి మొదట ఇచ్చేది చాలావరకు పూటకు ఒకటీ రెండు యూనిట్ల లోపే ఉంటుంది. పెద్ద సిరంజిలో అంత తక్కువ మందును సరిగ్గా కొలవడం కష్టం. స్టాకు లేకపోతే తెప్పించమనండి, రెండు మూడు రోజుల్లో తెస్తారు.

ఇక తాతగారి మాత్రలు. మెట్‌ఫార్మిన్ పిల్లికి పనిచేయదు. మూత్రం దారిన చక్కెరను బయటికి పంపే, నోటి ద్వారా ఇచ్చే కొత్త రకం మందుల్లో రెండిటికి పిల్లుల కోసమే అమెరికాలో 2022, 2023ల్లో అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ అవి ఏ పిల్లికి సరిపడతాయో ఎంచి మరీ ఇవ్వాల్సిన మందులు. షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకునే ప్రమాదం వాటిలో ఉంది. మనుషుల డబ్బాలోంచి ముక్క విరిచి వేసే పని ఎప్పుడూ చేయకండి. కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి కూడా పిల్లి జోలికి తేవద్దు. చేదు తగిలితే అది తిండే మానేస్తుంది, ఈ జబ్బులో తిండి మానడమే అసలు ప్రమాదం.

3. కంచం మార్చడం

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. అన్నాన్ని అరిగించుకోగలదు గానీ దానికి అన్నం అవసరం లేదు. మన ఇళ్ళల్లో పిల్లికి పెట్టేది చూస్తే పెరుగన్నం, పాలన్నం, చేపల పులుసు కలిపిన అన్నం. షుగర్ పిల్లికి ఇవేవీ పనికిరావు. మనుషులకు చెప్పినట్టు అన్నం మాని రాగులో జొన్నలో పెడతామంటే అదీ కుదరదు, పిల్లికి అన్నీ పిండిపదార్థాలే. గంటె, చోడి అంబలి మనకు మంచిది, దానికి కాదు.

అలాగే గలగలలాడే పొడి తిండి. పిల్లుల తిండేగా అనుకుంటాం గానీ గింజ కట్టాలంటే పిండి కలపాల్సిందే, చాలా రకాల్లో మూడో వంతు అదే ఉంటుంది. ప్యాకెట్ వెనక మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలు రాసి ఉంటాయి. అన్నీ కూడి వందలోంచి తీసేస్తే మిగిలేది పిండిపదార్థం. బూడిద రాయకపోతే పొడి తిండికి 7 లేదా 8, తడి తిండికి 2 వేసుకోండి. తడి పౌచ్‌లే మేలు, అయితే చిక్కటి గ్రేవీ ఉన్నవాటిలో పిండి ఉంటుంది. మెత్తగా ముద్దలా ఉండే రకం చూసుకోండి.

పౌచ్‌ల ఖర్చు అందరూ భరించలేరు. రోజూ రెండు పూటలా కొనడమంటే నెల తిరిగేసరికి మనిషి తిండి ఖర్చంత అవుతుంది. అప్పుడు ఉడకబెట్టిన కోడిమాంసం, కవ్వళ్ళు, కానాగంతలు లాంటి చేపలు దారి. దీనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఉప్పు, కారం, పసుపు, చింతపండు వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు, అవి పిల్లి రక్తకణాలను చిదిపేస్తాయి. మనకు చేసిన కూరను కడిగి పెట్టడం కూడా కుదరదు. ఉడికిన ఎముకలు, ముళ్ళు తీసేయండి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, పిల్లి గుండెకు, కళ్ళకు కావాల్సిన టారిన్ ఆ నీళ్ళలోకి దిగుతుంది, ముక్కల మీదే పోసి పెట్టండి. పచ్చి చేప రోజూ పెడితే బి1 విటమిన్ తగ్గిపోతుంది, అందుకని ఉడికించే పెట్టండి. కోడి కార్జం వారానికి ఒకటి రెండుసార్లు చిన్న ముక్క చాలు. ఎండుచేపలంటే మన పిల్లులకు ప్రాణం, కానీ వాటిలో ఉప్పు ఎక్కువ, ముసలి కిడ్నీలకు అది భారం. ఇంటి మాంసం ఒక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం, టారిన్ తగ్గుతాయి. ఏ పొడి కలపాలో డాక్టరును అడగండి. కిడ్నీలు కూడా దెబ్బతిన్న పిల్లికైతే మాంసం ఎంత పెట్టాలన్నది వేరే లెక్క, అది ఆయనే చెప్పాలి.

ఇన్సులిన్ నడుస్తుండగా తిండిని ఒక్కసారిగా మార్చకండి. అన్నం మాన్పించగానే షుగర్ దానంతటదే దిగుతుంది, పైన పాత మోతాదు ఇన్సులిన్ పడితే మరీ కిందకు పోతుంది. డాక్టరుకు చెప్పి, వారం పది రోజుల మీద మార్చండి, మోతాదు తగ్గించాలేమో ఆయన చూస్తారు. బరువు తగ్గించాలని పస్తు పెట్టకూడదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని చనిపోవచ్చు.

4. ఇంజెక్షన్

రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో. పొద్దున ఏడు, రాత్రి ఏడు చాలామందికి కుదురుతుంది. అరగంట అటూ ఇటూ అయినా కంగారు లేదు.

ముందు తిండి పెట్టండి. తింటోందని చూసుకున్నాకే మందు వేయండి. గ్లార్జిన్ సీసాను ఊపకండి, కానిన్సులిన్ అయితే దాని కాగితం మీద రాసినట్టు కలపండి. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, మబ్బుగా కనిపిస్తే పారేయండి. గీత దాకా లాగి, బుడగలు పోగొట్టండి. పక్కటెముకల మీదో నడుము పక్కనో చర్మాన్ని రెండు వేళ్ళతో గుడారంలా పైకి లేపి, ఆ గుడారం అడుగున సూది గుచ్చి మందు నొక్కండి. అటు వైపునుంచి సూది బయటికి రాలేదని చూసుకోండి. రోజూ ఒకేచోట గుచ్చితే అక్కడ గట్టిపడి మందు సరిగా ఎక్కదు, పొద్దున ఎడమ వైపు, రాత్రి కుడి వైపు అనుకుంటే గుర్తుంటుంది. సూది చాలా సన్నం. గిన్నెలో చేప ఉంటే చాలా పిల్లులు తలెత్తి కూడా చూడవు, టెన్షన్ అంతా మనకే.

బొచ్చు తడిసిందంటే మందు లోపలికి వెళ్ళలేదన్నమాట, లేదా సగమే వెళ్ళింది. ఎంత వెళ్ళిందో తెలియదు కాబట్టి మళ్ళీ వేయకూడదు. ఆ పూటకు వదిలేయండి. పూట మరిచిపోయినా అంతే, తర్వాతి పూట రెట్టింపు వేయకూడదు. పిల్లి తినకపోతే పూర్తి మోతాదు వేయకుండా డాక్టరుకు ఫోను చేయండి. ఈ మూడు సందర్భాల్లో ఏం చేయాలో ముందే ఆయన దగ్గర కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఇంట్లో ఇద్దరు మందు వేస్తుంటే పక్కనే ఒక క్యాలెండరు వేలాడదీసి, వేసిన వెంటనే టిక్కు పెట్టాలి. "నువ్వు వేశావనుకున్నాను", "నువ్వే వేశావేమో" అన్న మాటల మధ్య రెండుసార్లు పడే ప్రమాదం ఉంది.

నేర్పే మనిషి కావాలంటే మీ వీధిలోనే ఉంటారు. ఏళ్ళ తరబడి తన పొట్టకు తనే ఇన్సులిన్ వేసుకుంటున్న పక్కింటి పిన్నికి ఉన్న చేతి నేర్పు కొత్త నర్సుకు కూడా ఉండదు. ఆమెను పిలిచి చూపించమనండి. మీరు ఊరెళ్ళినప్పుడు ఆమే దిక్కు కావచ్చు, విజయనగరంలో సిరిమానోత్సవం రోజున రోడ్లన్నీ జనంతో నిండి మీరు సాయంత్రానికి ఇల్లు చేరలేనప్పుడు కూడా. ఒక్కటే జాగ్రత్త, ఆమె సీసా, ఆమె సిరంజి పిల్లికి వాడకూడదు.

5. షుగర్ పడిపోతే

షుగర్ ఎక్కువగా ఉంటే పాడు చేయడానికి వారాలు పడుతుంది. పడిపోతే నిమిషాలే. అందుకే నా లెక్కలో అన్నిటికంటే పెద్ద భయం ఇదే, సందేహం వచ్చిన పూట తక్కువ వేయడమే మేలు.

పిల్లి తూలుతుంది, వణుకుతుంది, పిలిస్తే చూపు నిలపదు, ఏదో మూలకు దూరి నీరసంగా పడుంటుంది, ఆపైన ఫిట్స్. మీటరులో 60 కంటే తక్కువ చూపిస్తుంది. మీటరు దగ్గర లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి. స్పృహలో ఉండి మింగగలిగితే తిండి పెట్టండి, ఈ ఒక్కసారికి అన్నం కలిపినా సరే. తినలేకపోతే తేనె, బెల్లం పాకం, నీళ్ళలో కలిపిన గ్లూకోజ్ పొడి ఏది ఉంటే అది, పెదవి పైకెత్తి చిగుళ్ళకు రాయండి. నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే పళ్ళ మధ్య వేలు పెట్టకండి. తేరుకున్నాక తిండి పెట్టి, బయల్దేరండి. తీపి ప్రభావం కాసేపే, వేసిన ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. దారిలో మళ్ళీ పడిపోవచ్చు, తేనె సీసా సంచిలో ఉండాలి. డాక్టరుతో మాట్లాడే దాకా తర్వాతి ఇంజెక్షన్ వేయవద్దు.

6. ఇంట్లో షుగర్ చూడటం

చెవి అంచున ఉండే సన్నటి నరం పక్కన గుచ్చితే చుక్క వస్తుంది. ముందు గోరువెచ్చటి గుడ్డతో చెవిని కాసేపు వేడి చేయండి, వెనక దూది ఆనించి గుచ్చండి. మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలు కంటే తక్కువ చూపిస్తుంది, మీటరు పేరు డాక్టరుకు చెప్తే ఆయన దాన్ని బట్టి చూసుకుంటారు. మధ్యలో మీటరు మార్చకండి.

డాక్టరు చెప్పిన రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు గంటలకోసారి చూసి రాయాలి. ఇన్సులిన్ ఎప్పుడు బాగా పనిచేస్తోంది, ఎంత కిందకు తెస్తోంది అన్నది అందులో తేలుతుంది. ఆ అట్టడుగు అంకె 80కీ 150కీ మధ్య ఉంటే చాలు. ఒక రీడింగు 350 వచ్చిందని మీరే అర యూనిట్ పెంచడం మాత్రం వద్దు. మోతాదు మార్పు వారానికోసారి, పట్టిక చూసి, డాక్టరు చేయాలి.

మీటరు లేకపోయినా చాలా తెలుస్తుంది. నీళ్ళు కొలిచి పోయండి, కిలో బరువుకు రోజుకు 50 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే అదుపులో లేనట్టే. వారానికోసారి బరువు చూడండి. నాలుగు కిలోల పిల్లిలో రెండు వందల గ్రాములంటే చాలా. మీరు ఎత్తుకుని మనుషుల కాటా ఎక్కితే ఆ తేడా దొరకదు. వీధి చివర కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా బాగుంటుంది, కొట్టు యజమానికి పిల్లులంటే ఇష్టమైతే.

7. కరెంటు పోయినప్పుడు

ఇన్సులిన్ ఫ్రిజ్‌లో మధ్య అరలో ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఐస్ గదికి ఆనితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. తెరిచిన తేదీ సీసా మీద రాయండి. గంటో రెండు గంటలో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే చాలు.

తుపాను సంగతి వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటిన తిత్లీ తర్వాత కొన్ని ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు మొదలైతే ఒక సీసా అదనంగా ఉంచండి, సిరంజిలు కూడా. కరెంటు పోతే సీసాను నీరు దిగని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్ళు పోసిన మట్టికుండలో నీడన, గాలి తగిలేచోట ఉంచండి. తీరం దగ్గర గాలిలో తడి ఎక్కువ కాబట్టి కుండ లోపలి ఊళ్ళల్లో చల్లబడినంత చల్లబడదు, అయినా బయట వేడి కంటే నయం. తెరిచిన గ్లార్జిన్ 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా చెడదు. ఎండలో ఆపిన కారులో మాత్రం ఒక్క మధ్యాహ్నానికే పాడవుతుంది.

8. ముసలి ఒంటికి సదుపాయాలు

మడమలు ఆనించి నడిచే పిల్లి నున్నటి టైల్స్ మీద జారుతుంది. తిరిగే దారిలో గోనె పట్టాలు పరవండి, జూట్ మిల్లులున్న జిల్లాలో వాటికి కరువు లేదు. ట్రే అంచు తక్కువగా ఉన్నది పెట్టండి. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచండి, తాగుతోందని తగ్గించడం ఎప్పుడూ చేయకండి. బయట తిరిగే అలవాటు ఉంటే మాన్పించాలి, పక్క వీధిలో ఎవరు ఏం పెట్టారో తెలియకుండా ఇన్సులిన్ లెక్క కుదరదు.

వాంతులు, తిండి పూర్తిగా మానేయడం, నోట్లోంచి నెయిల్ పాలిష్ తుడిచే మందులాంటి వాసన కలిసి వస్తే కీటోన్లు పెరిగాయన్నమాట. మూత్రంలో ముంచి చూసే పట్టీలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, ఒక డబ్బా ఇంట్లో ఉంచండి. రంగు మారితే తెల్లారే దాకా ఆగకండి, సెలైన్ ఎక్కించే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

కంచం త్వరగా మారి, ఇన్సులిన్ తొలి నెలల్లోనే కుదురుకుంటే కొన్ని పిల్లులకు ఆ తర్వాత ఇంజెక్షనే అక్కర్లేకుండా పోతుంది. రీడింగులు తక్కువగా రావడం మొదలైతే అది సంతోషం, ప్రమాదం రెండూ. వెంటనే డాక్టరుకు చెప్పి మోతాదు దించుకుంటూ రావాలి. ఇంజెక్షన్ ఆగాక కూడా అన్నం వైపు వెళ్ళకండి, వారానికోసారి షుగర్ చూస్తూనే ఉండండి. దురదకో దగ్గుకో కొత్త డాక్టరు ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయబోతే, ఈ పిల్లికి ఇంతకుముందు షుగర్ ఉండేదని సూది తీయకముందే చెప్పండి.